పురుగు చూపు, పురుగు వాసన



బాపట్లలో వ్యవసాయ కళాశాల 1945లో వెలసినది. డి.డి.టి. పురుగులను చంపునని ముల్లరు 1939లో కనుగొనెను. అది యేల చంపునో నాటి కెవ్వరు నెఱుగరు. తరువాత తెలిసిన సంగతులను నేను మీకు విన్నవించెదను.

మన కృష్ణ కాలువలకు తూము లున్నట్లే, ప్రాణుల శరీరకణముల పొరలందును మిక్కిలి సూక్ష్మమైన తూములు గలవు. అవి తెఱచుకొనగానే సోడియము, కాల్సియము మొదలగువాని విద్యుత్కణములు లోనికి ప్రవహించును. ఆ ప్రవాహమే మెదడునకు వార్త యగును.

పండ్లపై ముసరు చిన్న యీగలలో ఎడతెగని వెలుతురున చూపు చెడునొక దానిని 1969లో కోసెన్సు, మానింగు అను పండితులు వర్ణించిరి. దాని లోపమునకు మూలమైన జన్యువు 1989లో దొరకినది. అది కంటిలోని తూమునకు చెందినది. మన నాలుకకు గుంటూరు మిరప మంటను తెలుపు తూము దానికి జ్ఞాతియే. ఈ రెండవదానిని 1997లో కనుగొన్న జూలియసు 2021లో నోబెలు బహుమానమును మఱొకరితో పంచుకొనెను.

ఇక వాసన మాట. ఆడ పట్టుపురుగు మగదానిని పిలుచు వాసనద్రవ్యమును 1959లో జర్మనీలో బ్యూటెనాంటు వేఱుపఱచెను. అందులకు సుమారు 5 లక్షల పురుగులు కావలసివచ్చెను. పురుగుల మీసములలో వాసన పట్టు అంగములు తామే తూములని 2008లో తేలినది.

డి.డి.టి.యు, పైరిత్రాయిడు మందులును నరములలోని సోడియము తూమును మూసికొననీయక పురుగును చంపును. తూము రూపు కొంచెము మాఱిన పురుగులు బ్రతికి సంతతిని పెంచును. పురుగు మందునకు లొంగకుండుటకు ఇదియొక కారణము. 1987–88లో గుంటూరు, ప్రకాశము జిల్లాల ప్రత్తిచేలలో శనగపచ్చపురుగు పైరిత్రాయిడులకు లొంగలేదు. పంటపోయి అప్పులపాలైన రైతులు కొందఱు ప్రాణములు తీసికొనిరి.

కావున మందు చల్లుటకు ముందు పురుగును లెక్కింపవలెనని నా మనవి. వరిలో కాండము తొలుచు పురుగునకు లింగాకర్షక బుట్ట, ప్రత్తిలో తెల్లదోమకు పసుపుపచ్చని జిగురుఅట్ట కట్టుడు. మొదటిది మగపురుగును వాసనచేతను, రెండవది దోమను రంగుచేతను రప్పించును. ఎన్ని పడినవో చూచి, వానిని బట్టి మందు అక్కఱయో కాదో నిశ్చయించుకొనుడు. ఊరివారికిని ఈ లెక్కను నేర్పుడు.