గోవు, వ్యాఘ్రము: గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారి యౌవనముపై నొక పద్యప్రభావము

కర్నూలు మండలమునుండి జాతీయోద్యమమునకు వెడలినవారిలో గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు తొలితరమువారు. వీరు 1883-వ సంవత్సరమునఁ గర్నూలు పట్టణమున జన్మించి, చెన్నపురి క్రైస్తవకళాశాలయందు విద్య ముగించి, 1906-లో ఎం. ఏ. పట్టము నందిరి. చరిత్రము వ్రాయువారు సాధారణముగా వీరిని బిపినచంద్రపాలుగారి ప్రభావమున రాజకీయములఁ బ్రవేశించిన యువకులలోఁ జేర్చి యంతటితో విడుచుచున్నారు. అది యసత్యము కాదు గాని సంపూర్ణసత్యమును గాదు. పాలుగారు మాటలాడినది యాంగ్లమున. రాజమహేంద్రవరమున వేలకొలఁది జనము విని యుప్పొంగినది చిలకమర్తి లక్ష్మీనరసింహముగారి తెలుఁగు. ఈ భేదమును గణింపనిచో హరిసర్వోత్తమరావుగారి తరువాతి జీవితమంతయు నర్థము కాదు.

తెల్లదొరల నెదిర్చుట దత్తమండలములకుఁ గ్రొత్త కాదు. నిజాము 1800-లోఁ గుంఫిణీవారికి ధారపోసిన యీ సీమ, 1928-లో నంద్యాల సభయందుఁ జిలుకూరి నారాయణరావుగారు రాయలసీమ యని పేరు సూచించు దాఁక, ఆ దానపు గుఱుతునే పేరుగా మోయుచుండెను. 1846-లో నుయ్యాలవాడ నరసింహారెడ్డి కోయిలకుంట్ల ఖజానాపైఁ బడెను. కోయిలకుంట్ల యప్పుడు కడపమండలములోనిది. పిమ్మటఁ గర్నూలులోఁ జేరినది. 1847 ఫిబ్రవరి 22-వ తేదీన నతని నక్కడనే యురిదీసి, శిరస్సును గోటగుమ్మమున వ్రేలాడఁగట్టిరి. రెడ్డిపాట మాత్రము గాయకుల నోటఁ బల్లెపల్లెకు సాగెను. ఆ పాట వీరుని శౌర్యమును బాడును, చావునకు విలపించును. అది యొక పాళెగాని కథ. హిమవంతమునుండి సేతువు దాఁక నొక్కటే దేశమను భావమున కందుఁ దావు లేదు. 1847-నాఁటి పల్లెపాటలో దానిని వెదకుటయు న్యాయము కాదు.

ఆ భావము వంగదేశమునుండి వచ్చినది. బంకించంద్రుని 'ఆనందమఠము' 1882-లో గ్రంథరూపమునఁ బ్రకటితమైనది. అందలి 'వందేమాతరము' గీతమును రవీంద్రనాథ ఠాకూరు 1896-లోఁ గలకత్తా కాంగ్రెసునఁ బాడెను. 1905-లో వంగవిభజనము జరిగినపిమ్మట నది వీధివీధిని నినాదమయ్యెను. 1907 ఏప్రిలులో ముట్నూరి కృష్ణారావుగారి పూనికచేఁ బిపినచంద్రపాలుగా రాంధ్రదేశమునకు వచ్చి, విశాఖపట్టణము మొదలు బందరు దాఁక నుపన్యసించిరి. హరిసర్వోత్తమరావుగా రప్పుడు రాజమహేంద్రవరపు బోధనాభ్యసన కళాశాలలో విద్యార్థులు.

అచటి సభలలోఁ బాలుగారి యుపన్యాసములకుఁ దెలుఁగుచేసినవారు చిలకమర్తివారు. 'గయోపాఖ్యానము' నాటకమువలన నప్పటికే వారి పేరెఱుఁగని యూరు లేదు. కనుచూపు మందగించినవారైనను ధారణయందును ధోరణియందును వారికి సాటి యరుదు. భరతఖండమును బాడియావుగా భావించిన వారి ప్రసిద్ధపద్యము వెలసినది యీ సందర్భముననే. పద్యము నాలుగు పాదముల తేటగీతి. దేశము మంచి పాడియావు. ప్రజలు ఆఁకట నేడ్చు లేఁగలు. గడుసరులగు తెల్లగొల్లలు దూడల మూతులు బిగించి పాలు పిదుకుకొనుచున్నారు. ఇంతియే భావము. సంస్కృతసమాసముల యాడంబరము లేదు, పురాణకథాస్మరణము లేదు. దాదాభాయి నౌరోజీ 1901-లో నొక పెద్దగ్రంథమున లెక్కలతో నిరూపించిన ధనాపహరణము నీ పద్యము పశువులకొట్టములోనికిఁ దెచ్చి నిలిపినది. దూడకు విడువకుండ నంతయుఁ బిదుకువాఁడు పాపి యని కాపువానికి వేఱుగాఁ జెప్పవలయునా?

గోదావరితీరమునఁ బుట్టిన యీ పద్యము గోదావరివారికంటెఁ గర్నూలువానికే తీక్ష్ణముగాఁ దగులునని చెప్పవచ్చును. 1876 మొదలు 1878 వఱకు సాగిన ధాతకఱవు బళ్లారి, కర్నూలు, కడప మండలములను బాడుచేసినది. మనుష్యులతోపాటు పశువులును గుంపులుగాఁ జచ్చినవి. అది తీఱిన యయిదేండ్లకు హరిసర్వోత్తమరావుగారు పుట్టిరి. వారి బాల్యమున నింట పెద్దలైనవారందఱు నా కఱవు దాఁటి బ్రదికినవారే. అట్టి సీమనుండి వచ్చినవాని చెవికి 'లేఁగదూడ' యన్నది యలంకారము మాత్రమే కాఁజాలదు.

విద్యార్థులు వందేమాతరపు బిళ్లలు ధరించి తరగతులకుఁ బోయిరి. కళాశాలాధ్యక్షుఁడు మార్కు హంటరు దానిని సహింపఁడయ్యెను. హరిసర్వోత్తమరావుగారు కళాశాలనుండి బహిష్కృతులైరి. సర్కారుకొలువునకు ద్వారము మూయఁబడెను. ఎం. ఏ. పట్టము గల యువకుని కానాఁ డది చిన్నశిక్ష కాదు. ఆ యేఁడే విజ్ఞానచంద్రికా గ్రంథమాలలోఁ బ్రథమకుసుమముగా వీరి 'అబ్రహాము లింకను' చరిత్రము వెలువడెను. దాస్యవిమోచకుని కథతో వీరి రచనావ్యాసంగ మారంభమగుట గమనింపఁదగినది.

1908-లో వీరు బెజవాడలో 'స్వరాజ్య' వారపత్రిక నడపిరి. ఇంతలో దక్షిణమునఁ దిరునల్వేలిలో నొక దారుణము జరిగెను. బిపినచంద్రపాలుగారు చెఱవిడిన సందర్భమున నుత్సవము జరుపఁబూనిన చిదంబరం పిళ్లె, సుబ్రహ్మణ్య శివ యను నాయకులను మార్చి నెలలో నిర్బంధింపఁగా, ప్రజ లల్లకల్లోలము చేసిరి, పోలీసులు కాల్చిరి, కొందఱు మరణించిరి. దానిపై 'స్వరాజ్య'లో 'విపరీతబుద్ధి' యను వ్యాసము వెలువడెను. అందుఁ బరదేశప్రభుత్వము క్రూరవ్యాఘ్రమని సంబోధింపఁబడినది. ప్రభుత్వము రాజద్రోహాభియోగము తెచ్చెను. తుదకు మూఁడేండ్ల కఠినశిక్ష పడి హరిసర్వోత్తమరావుగారు వేలూరు చెఱసాలకుఁ బోయిరి.

సంవత్సరము తిరుగకముందే గోవునకు బదులు వ్యాఘ్రము వచ్చినదన్నమాట. చిలకమర్తివారి పద్యమున దొర గొల్లవాఁడు; మోసగాఁడే కాని యావును జంపఁడు, పాలు గావలెను గనుక. వ్యాసమునందలి దొర పులి. వానికిఁ గావలసినది నెత్తురు. తెలుఁగు చదువరి కీ రెండును జేరఁగనే యనంతామాత్యుని 'భోజరాజీయము'లోని గోవ్యాఘ్రసంవాదము తోఁపకపోదు. ఆ కథయందుఁ దనబిడ్డకుఁ బాలిచ్చి మరలివచ్చిన యావు సత్యమునకుఁ బులి కరఁగును. పందొమ్మిదవ శతాబ్దియందుఁ బెద్దలు సర్కారునకు మహజరులు వ్రాసినప్పుడు వారి హృదయమున నున్నది యీ కథయే: మన సత్యమును జూచి దొర కరఁగునని. పద్యము నవ్వుచు నా నమ్మకమును సందేహించినది. తిరునల్వేలి తరువాత వ్యాసము దానిని బొత్తిగాఁ ద్రోసివైచినది. పద్యము చెప్పినవారిపై నభియోగము రాలేదు; వచనమున కది తప్పలేదు.

కావున కవిప్రభావ మన్నది పదముల యనుకరణమునందుఁ జూడఁదగినది కాదు. హరిసర్వోత్తమరావుగారు పద్యకవులు కారు. వారు చూచిన దొకటి: దేశమునం దెంతో గౌరవము గల వక్త యాంగ్లమున నుపన్యసించినను, తెలుఁగుకవి నోట నది తెలుఁగైనపుడే సభ కదలినది. చెఱనుండి వెలువడినపిమ్మట వారు పట్టినపనులన్నియు నీ యనుభవముతోఁ బొందినవే. కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారితోడి విజ్ఞానచంద్రికా కృషి, ఆంధ్రపత్రికా సంపాదకత్వము, గ్రంథాలయోద్యమము, అక్షరము రాని పెద్దలకుఁ జదువు నేర్పుట, ఈ యన్నింటికిని వాహిక తెలుఁగే. 'వయోజనవిద్య' యను మాటను వాడుకలోనికిఁ దెచ్చినవారు వీరే యందురు. ఉద్రేకముగల సంపాదకుఁడు గ్రంథాలయముల కావలివాఁ డగుట కొందఱికి వెనుకడుగుగాఁ దోఁచినది. అది వెనుకడుగు కాదు. వేలూరికిఁ బంపిన వ్యాసమును జదువఁగలవా రెందఱని వీరు తమలోఁ దాము ప్రశ్నించుకొనిరో లేదో కాని, వారి తరువాతి నలువదియేండ్ల శ్రమ మా ప్రశ్నకు సమాధానమువలె నున్నది.

చిలకమర్తివారు 1946-లో, స్వాతంత్ర్యమున కొక యేఁడాదికి ముందే, గతించిరి. హరిసర్వోత్తమరావుగారు 1953-లోఁ దమ కర్నూలు ఆంధ్రరాష్ట్రమునకు రాజధాని యగుటఁ జూచిరి. 1956-లో నది హైదరాబాదునకుఁ దరలుటయుఁ జూచిరి. 1960-లో వారు పరమపదించునాఁటికి, ఆ తేటగీతి బడిపిల్లలకుఁ గంఠస్థమై యుండెను. 'స్వరాజ్య' వ్యాసమో, న్యాయస్థానపు కాగితములలో నాంగ్లానువాదముగా నిలిచి యుండెను.