దూలం లేని మహలు

తిరుపతి దాటి పడమటికి పదిహేను కిలోమీటర్ల లోపే చంద్రగిరి. కొండ కింది కోటలో దక్షిణ ముఖంగా నిలిచిన రాజమహల్‌ ఇప్పుడు భారత పురావస్తు సర్వేక్షణ వారి మ్యూజియం. గుడిమల్లం, గండికోట, యాగంటిలో దొరికిన రాతి, లోహ విగ్రహాలు అందులో కొలువుదీరాయి. వచ్చినవాళ్లు చాలామంది తిన్నగా వాటి దగ్గరికే పోతారు. ఆ మ్యూజియంలో అన్నిటికన్నా విలువైనది ఆ మహలేనని నా గట్టి నమ్మకం.

ముందు కాసేపు బయటే నిలబడి చూడండి. మూడంతస్తుల ముఖమంతా కొనదేలిన కమానుల వరుసలే. అవి సుల్తానుల పనితనం నుంచి వచ్చినవి. తలెత్తితే పైన మన గుడి విమానాల్లాంటి శిఖరాలు. ఈ రెండు పద్ధతుల పొత్తు హంపి లోటస్ మహల్లోనూ ఉంది.

లోపలికి పోయి పైకప్పు చూడండి. ఎక్కడా ఒక్క దూలం లేదు, వాసం లేదు. అంతా రాయి, ఇటుక, సున్నం. పై అంతస్తుల బరువు కమాను వంపు వెంట జారి కింది స్తంభాల్లోకి, అక్కడి నుంచి పునాదిలోకి దిగుతుంది. హంపిలో రాజుల నివాసాలకు ఈనాడు అరుగులే మిగిలాయి, పైభాగం కట్టెతో కట్టినందువల్ల. చంద్రగిరి మహల్లో చెద తినడానికీ నిప్పంటుకోవడానికీ కట్టె లేదు. పేరు తెలియని ఆ మేస్త్రీలకు చేతులెత్తి మొక్కాలి.

1565లో తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజధాని పెనుకొండకు, అక్కడి నుంచి వేంకటపతిరాయల (1586-1614) కాలంలో ఇక్కడికి వచ్చింది. 1598లో జెసూట్ పాదరీలు వచ్చి రాయలను కలుసుకున్నారు. చెన్నపట్నానికి నేల రాసిచ్చింది ఈ మహల్లోనే అని ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు. 1639లో ఇంగ్లీషు కంపెనీకి ఆ నేల ఇచ్చింది దామెర్ల వేంకటాద్రి నాయకుడు. ఆయన అప్పటి చంద్రగిరి రాయలకు సామంతుడు. కాగితం ఎక్కడ రాసినా, ఆ నేల మీద ఏలుబడి మాత్రం రాయలదే.

1646లో కోట గోల్కొండ చేతికి పోయింది. 1782లో హైదరలీ పట్టుకున్నాడు. పదేళ్ల తర్వాత మైసూరు వారి నుంచీ చేజారింది.

ఆ చెన్నపట్నం నుంచే రాబర్ట్ చిషోమ్ దృష్టి ఈ మహలు మీద పడింది. అక్కడ సెనేట్ హౌస్‌కు రూపమిచ్చిన వాస్తుశిల్పి ఆయన. 1883లో ఇండియన్ ఆంటిక్వరీ పత్రికలో చంద్రగిరి పాత మహలు మీద వ్యాసం రాశాడు. కట్టడాలు కట్టినవాడు రాసిన వ్యాసమది. మన ఇంజనీరింగ్ కాలేజీల పిల్లలు దాన్ని చదివి, టేపు పట్టుకుని ఇక్కడికి రావాలని నా కోరిక.

సాయంత్రం కోటలో జరిగే సౌండ్ అండ్ లైట్ షోకే జనం ఎక్కువ. పిల్లలకు అది నచ్చుతుంది, చూపించండి. మహలును చూడాలంటే మాత్రం పగలే రావాలి. ఎండ ఏటవాలుగా పడే పొద్దుటి వేళ కమానుల లోతు బాగా తెలుస్తుంది. విగ్రహాలకు ఒక గంట పెట్టుకుంటే, గోడలకు మరో గంట పెట్టుకుని రండి.