భూమియు భాషయు: హవాయీయులు, కేజనులు

యుద్ధములును, సంధులును, సింహాసనముల పతనములును చరిత్రగ్రంథముల కెక్కును. కాని యొక జనసంఘము చేతినుండి పొలము జాఱిపోవుటయు, నోటినుండి మాట జాఱిపోవుటయు చప్పుడు లేక జరుగు కార్యములు. వానికి భేరీనాదము లుండవు. ఒక దస్తావేజుపై ముద్ర, ఒక బడిలో బెత్తపు దెబ్బ, ఇంతియే వాని చిహ్నములు. అట్టి నష్టము ననుభవించిన రెండు జనసంఘముల చరిత్రమును ప్రక్కప్రక్కన నుంచి పరిశీలింప దలచితిమి. ఇరువురును నేడు అమెరికా సంయుక్తరాష్ట్రముల జెండా క్రింద నున్నవారే. కాని వారికి వంశమున గాని, మతమున గాని, పుట్టిన దేశమున గాని సంబంధము లేదు.

మొదటివారు హవాయీయులు, పసిఫిక్ మహాసముద్రము నడుమనున్న ద్వీపముల ఆదిమనివాసులు. రెండవవారు కేజనులు, లూయిసియానా రాష్ట్రపు దక్షిణభాగమున కాలువల గట్లమీదను, బురదనేలలలోను, పచ్చికబయళ్ళలోను నివసించు ఫ్రెంచి సంతతివారు. హవాయీయులు తాతలనాటి నేలమీద నుండగనే ఆ నేల పరులదయ్యెను. కేజనుల పూర్వులు తాతలనాటి నేలనుండి వెడలగొట్టబడి, వేఱొకచోట నేల సంపాదించి, దానిని మరల కోల్పోయిరి. త్రోవలు వేఱు, చేరిన చోటు మాత్రము చాలవఱకు ఒకటి.

హవాయి ద్వీపములకు 1778లో కెప్టెన్ కుక్ వచ్చునాటికి అచ్చటి జనులు వ్యవసాయమున నిపుణులు. కొండశిఖరము మొదలు సముద్రము వఱకు నొక్కొక్క భూభాగము నొక్క సముదాయమునకు చెందియుండెను. కొండనుండి కలప, లోయనుండి చేమదుంప, తీరమునుండి చేప లభించెడివి. చేమమళ్ళకు నీరు వంతులచొప్పున పారెడిది. నేల రాజుకును నాయకులకును లోబడి యుండినను, సేద్యము చేయువాడు దానిని కొనుటయు అమ్ముటయు ఎఱుగడు. ఈ యేర్పాటున దోషములు లేకపోలేదు. నాయకులు చందనవృక్షముల వ్యాపారమునకై సేద్యగాండ్రను పొలములు విడిపించి అడవులకు తోలిన కాలములు కలవు.

అచ్చటి స్త్రీల స్థితిని గూర్చి యొకమాట చెప్పక తప్పదు. 'కపు' అను నిషేధధర్మము ననుసరించి స్త్రీపురుషులు సహపంక్తిని భుజింపరాదు. అరటిపండ్లు, కొబ్బరి, పందిమాంసము స్త్రీలు ముట్టరాదు. ముట్టినచో మరణదండనమును విధింపవచ్చును. ద్వీపములనన్నిటిని ఏకచ్ఛత్రము క్రిందికి తెచ్చిన మొదటి కమెహమెహా 1819లో మరణింపగా, ఆతని భార్యయైన కఅహుమను ప్రోత్సాహమున క్రొత్తరాజు బహిరంగముగ స్త్రీలతో కూర్చుండి భోజనము చేసెను. ఆ యొక్క విందుతో నిషేధధర్మము కూలెను. ఎదిరించినవారు యుద్ధమున నోడిరి. క్రైస్తవబోధకులు 1820లో వచ్చిరి. కావున ఈ సంస్కారము వారు నేర్పినది కాదు, జనులు తమంతట చేసికొన్నది. బోధకులు లిపిని, ముద్రాయంత్రమును తెచ్చిరి. జనులు వానిని ఆకలిగొన్నవారివలె గ్రహించిరి. 1834లో హవాయి భాషలో పత్రిక వెలువడెను. శతాబ్దిమధ్యమునకు వయోజనులలో అధికసంఖ్యాకులు స్వభాషలో చదువ నేర్చిరి.

ఇట్టి జనము నిలువక పోవుటకు కారణ మేమి? మొదటిది రోగము. పరదేశపు నావలతో వచ్చిన అమ్మవారు, తట్టు మొదలగు వ్యాధులకు వారి శరీరము లెఱుగని లోబాటు చూపెను. 1853లో డెబ్బదివేలకు పైగా నుండిన శుద్ధహవాయీయులు 1890నాటికి ముప్పదియైదు వేలకు లోపైరి. రెండవది చట్టము. 1848లో రాజు భూమిని తనకును, నాయకులకును, ప్రభుత్వమునకును విభజించెను. నేలకు స్పష్టమైన హక్కు లేనిచో పరరాజ్యములు దాని నపహరించునను భయము ఇందుకు కొంత కారణము. సేద్యగాండ్రకు హక్కుల నిచ్చు శాసనము 1850లో వచ్చెను. కాని హక్కు గోరువాడు గడువులోపల అర్జీ పెట్టవలెను, సాక్షులను తేవలెను, కొలతకు రుసుము చెల్లింపవలెను. భూమి సొంతమనుట యేమో యెఱుగనివారి కివి యెట్లు సాధ్యమగును? సుమారు నలువదిలక్షల ఎకరములలో వారికి దక్కినది ముప్పదివేల ఎకరములకు లోపే. ఆ యేటనే పరదేశీయులు భూమి కొనవచ్చునని మఱియొక శాసనము వెలువడెను. ఒక చేతితో తలుపు మూసి, మఱొక చేతితో తలుపు తెఱచినట్లయ్యెను.

తెఱచిన తలుపునుండి చెఱకు ప్రవేశించెను. 1875నాటి సంధివలన హవాయి చక్కెర సుంకము లేక అమెరికాకు పోవుట కవకాశము కలిగినతోడనే తోటలు విస్తరిల్లెను. వర్షము మెండుగ పడు లోయలనుండి నీటిని పెద్దకాలువల ద్వారా తోటలకు మరల్చిరి. దిగువనున్న చేమమళ్ళు ఎండెను. తోటపనికి చీనా, జపాన్, పోర్చుగీసు, ఫిలిప్పైను దేశములనుండి కూలీలను రప్పించిరి. 1887లో తోటలవారి పక్షము తుపాకులతో బెదిరించి రాజుచేత క్రొత్త రాజ్యాంగమునకు సంతకము చేయించెను. 1893 జనవరిలో అమెరికా నావికసైనికులు ఒడ్డుకు దిగియుండగా రాణి లిలియుఒకలని పదచ్యుతురాలయ్యెను. 1897లో రాజ్యవిలీనమునకు ప్రతికూలముగ ఇరువదియొక్క వేలమందికి పైగా సంతకములు చేసి వాషింగ్టనుకు మహజరు పంపిరి. జాతి యంతయు నలువదివేలు మించనినాడు ఇన్ని సంతకములు! సంధి నెగ్గలేదు. మఱుసటియేడు సంధికి మాఱుగ ఉభయసభల తీర్మానమొకటి చేసి ద్వీపములను కలుపుకొనిరి.

ఇక రెండవ జనసంఘము వైపు దృష్టి మరల్తము. 17వ శతాబ్ది ప్రారంభమున ఫ్రాన్సునుండి కొందఱు రైతులు ఉత్తరామెరికా తూర్పుతీరమున అకేడియా అను ప్రాంతమున స్థిరపడిరి. అది నేడు కెనడాలోని నోవాస్కోషియా ప్రాంతము. సముద్రపు పోటునకు మునుగు బురదనేలలకు వారు కట్టలు వేసి, చెక్కతూములు అమర్చి, ఉప్పునీటిని వెడలించి బంగారుపంటలు పండించిరి. 1713 సంధివలన ఆ ప్రాంతము ఆంగ్లేయుల వశమయ్యెను. ఫ్రెంచివారిపై ఆయుధము పట్టవలసివచ్చు ప్రమాణమును రైతులు చేయనొల్లరైరి. 1755లో గ్రాండ్‌ప్రే అను గ్రామమున పురుషులను దేవాలయమునకు పిలిపించి, భూములును పశువులును ప్రభుత్వపరమైనవనియు, జనులందఱు దేశము విడువవలెననియు ఆజ్ఞ చదివిరి. 1763 వఱకు సాగిన యీ బహిష్కారమున పదివేలమందికి పైగా ఓడల కెక్కింపబడిరి. వేలకొలది జనులు రోగములచేతను, నౌకాభంగములచేతను చచ్చిరి.

బ్రతికినవారిలో కొందఱు 1764 మొదలు లూయిసియానాకు చేరసాగిరి. ఆ దేశము అప్పుడు స్పెయిను అధీనమైనది. స్పెయినువారు వారికి భూములిచ్చిరి. 1785లో ఫ్రాన్సునుండి ఏడు ఓడలలో సుమారు 1,600 మంది వచ్చిరి. అకేడియన్ అను మాటయే నోట నలిగి కేజన్ ఐనది. అచ్చట వారు చేపలు పట్టిరి, పశువులను పెంచిరి, వరి పండించిరి. పంది కోసిన దినమున ఇరుగుపొరుగువారు మాంసము పంచుకొనుట, ఒకని యింటికప్పునకు పదిమంది చేయి కలుపుట వారి ఆచారములు.

కాని యీ సుఖజీవనమును వర్ణించుచు రెండు నిజములను దాచుట ధర్మము కాదు. వారికి స్పెయినిచ్చిన నేల అంతకుమున్ను చిటిమాచా, అటకపా మొదలగు ఆదిమజాతులది. వారి సంతతిలో కొందఱు చెఱకుతోటలు పెట్టి నీగ్రో బానిసల నుంచుకొనిరి. 1843లో గవర్నరైన అలెగ్జాండ్రి మూటన్ అకేడియను సంతతివాడు, బానిసల యజమానుడు. బాధపడినవాడు పరుల బాధ నెఱుగునని లోకము తలచును. చరిత్రము ఆ మాటకు సాక్ష్యమీయదు.

శేషించిన సామాన్యకుటుంబముల సంగతి వేఱు. ఫ్రెంచి ధర్మశాస్త్రానుసారముగ తండ్రి ఆస్తి బిడ్డలందఱకు సమముగ పంచవలెను. పొలములు కాలువగట్టున సన్నని ముఖముతో వెనుకకు సాగు పట్టీలు. నీటిత్రోవ అందఱికి కావలెను గనుక నిలువునే చీల్చిరి. మూడుతరములకు పొలము నాడాపట్టీ యయ్యెను. సమభాగము న్యాయమే; కాని క్రొత్తనేల దొరకనిచోట ఆ న్యాయమే దారిద్ర్యమునకు త్రోవ తీసెను. ప్రక్కతోట ధనికుడు పట్టీలను కొనుచు పోయెను. అమ్మినవారు వెనుకనున్న బురదనేలలకు తొలగిరి. అంతర్యుద్ధానంతరము అనేకులు పరుల పొలములలో పాలికాపులైరి.

ఇట్లు చెఱకే యిరువురికిని శత్రువయ్యెను. పిమ్మట బడి వచ్చెను. హవాయి యందు 1896నాటి శాసనము ఇంగ్లీషునే బోధనాభాషగ నిర్ణయించెను. లూయిసియానాలో 1916లో నిర్బంధవిద్యయు, 1921నాటి రాజ్యాంగమున ఇంగ్లీషుబోధయు వచ్చెను. నిర్బంధవిద్య సంస్కారుల చిరవాంఛితము. దానిని మేమును కోరుదుము. కాని తల్లిభాష పలికిన బిడ్డను మోకాళ్ళపై నిలుపు బడి, ఇక పలుకనని వందమాఱులు వ్రాయించు బడి, విద్యతోపాటు సిగ్గును నేర్పును. సిగ్గునేర్చిన బిడ్డ పెద్దయై తన బిడ్డలతో ఆ భాషలో మాటలాడదు. ఒక్కతరమున పని ముగియును. 1944లో ఫ్రాన్సులో పోరాడిన అమెరికాసేనకు దుబాసీలు కావలసివచ్చినపుడు, బడిలో ఫ్రెంచికై దెబ్బలు తిన్న కేజను యువకులే పనికివచ్చిరి!

ఆ 1921లోనే హవాయీయులకై మఱియొక చట్టము పుట్టెను. రాజవంశీయుడైన కుహియో కృషివలన సుమారు రెండులక్షల ఎకరములు గృహస్థలములుగ ప్రత్యేకింపబడెను. ఏటికి ఒక డాలరు పన్నుతో తొంబదితొమ్మిదేండ్ల కౌలు. అయితే చెఱకు పండు నేలలు ఇందు చేరవు; చేరినవానిలో పెక్కు నీరులేని భూములు. అర్హుని రక్తమున సగమైనను హవాయీయుల దై యుండవలెను. తండ్రికి దక్కిన నేల బిడ్డకు దక్కునో దక్కదో రక్తపు లెక్క తేల్చవలసివచ్చెను.

ఇచ్చటనే యిరువుర స్థితులలోని ముఖ్యభేదము కానవచ్చును. కేజనుడు పేదయైనను తెల్లవారిలో లెక్కింపబడెను. అందుచేత పేరు సవరించుకొని, ఇంగ్లీషు నేర్చి, ఇతరులలో కలిసిపోవు త్రోవ యొకటి ఆతనికుండెను. ఫ్రెంచియే మాటలాడు నల్లవారైన పొరుగువారికి ఆ త్రోవ మూయబడియుండెను. 1901లో జెన్నింగ్సు కడ నూనెబావి పడినపిమ్మట కేజను యువకులకు కూలి దొరకెను. హవాయీయునకు కలిసిపోవు త్రోవ ఇఱుకు. ఆతని భాగ్యము చట్టమున రక్తముతో ముడివడియుండెను.

నేటి స్థితి విచిత్రమైనది. హవాయి నేల స్థిరముగ నున్నది, హవాయీయులు దానిపై నిలువలేకున్నారు. 1959లో రాష్ట్రమైనపిమ్మట యాత్రికుల వసతిగృహములు పెరిగెను. భూముల వెలలు ఆకాశమంటెను. చివరి పెద్ద చెఱకుతోట 2016లో మూతపడినను ఆ నేల సేద్యగానికి మరలి రాలేదు. గృహస్థలముల జాబితాలో వేలాదిమంది యేండ్లకొలది కాచుకొనియున్నారు. కొందఱు కాచుకొనియే మరణించిరి. 2020 జనాభాలెక్కలలో హవాయీయులలో సగముకంటె ఎక్కువమంది ద్వీపములకు వెలుపలనే నివసించుచున్నట్లు తేలెను. లూయిసియానాలో దీనికి తలక్రిందు: జనులు నిలువగోరుచున్నారు, నేలయే నిలువకున్నది. నదికి కట్టలు కట్టుటవలన ఒండ్రు రాక, నూనెకంపెనీలు త్రవ్విన కాలువలగుండ ఉప్పునీరు చొచ్చి, 1932 మొదలు 2016 వఱకు ఇంచుమించు 1,900 చదరపుమైళ్ళ తీరభూమి సముద్రమున కలిసెను. కట్టలు వేసి సముద్రమును వెనుకకు నెట్టినవారి సంతతికి ఇట్టి గతి పట్టెను.

క్షమార్పణములు ఇరువురికిని అందినవి. 1993లో అమెరికా కాంగ్రెసు రాజ్యాపహరణమునకై హవాయీయులకు క్షమాపణ చెప్పెను. 2003లో ఎలిజబెత్ రాణి పేరిట నొక ప్రకటన అకేడియనుల బహిష్కారపు బాధలను అంగీకరించెను. రెండవది నష్టపరిహారమునకు తావీయలేదు. మొదటిదానివలనను ఒక్క ఎకరమైనను మరలి రాలేదు. అపరాధమును ఒప్పుకొనుట మేలే. దానివలన అబద్ధపుచరిత్ర నోరు మూయబడును. కాని దానివలన ఇంటికి పోయిన మాట తిరిగి రాదు.

మాట తిరిగి వచ్చుటకు వేఱు ప్రయత్నములు జరిగెను. లూయిసియానాలో 1968న రాష్ట్రప్రభుత్వమే ఫ్రెంచిభాషోద్ధరణసంఘమును స్థాపించి, ఫ్రాన్సు, బెల్జియము, క్వెబెక్కు దేశములనుండి పంతుళ్ళను రప్పించెను. ఉద్దేశము ఘనమైనది. కాని పంతులు నేర్పినది పుస్తకపు ఫ్రెంచి. ఇంటిలోని అవ్వ పలుకునది వేఱు. బడిలో నేర్చిన మాట అవ్వకు తెలియక, అవ్వమాట బడికి తగదనిపించుకొని, బిడ్డ నడుమ నిలిచెను. ఈ లోపమును తరువాతివారు గుర్తించి స్థానికమైన పలుకుబడికి చోటిచ్చిరి. అప్పటికి అవ్వలు పెక్కుమంది గతించిరి. హవాయి యందు పని క్రిందినుండి ప్రారంభమయ్యెను. కొందఱు తలిదండ్రులు, బోధకులు కలిసి 1984లో 'పూనన లెఓ', అనగా భాషాగూడు, అను శిశుపాఠశాలను స్థాపించిరి. పెద్దలలో అనేకులు తామే భాషను నేర్చుకొనుచు శిశువులతో పలికిరి. హవాయిభాషాబోధనకు చట్టపు అడ్డు 1986లో గాని తొలగలేదు. ఆ శిశువులు పెద్దలై ఇప్పుడు తమ బిడ్డలను ఆ గూటికే పంపుచున్నారు.

ఈ రెండు చరిత్రములనుండి మేము గ్రహించిన దొక్కటి. భూమిని పోగొట్టునది చట్టము. మరల తెచ్చునదియు చట్టమే కావలెను. దానికై ఓటు, సంఘబలము, ఓరిమి కావలెను. భాషను పోగొట్టునదియు చట్టమే, కాని దానిని మరల తెచ్చుటకు చట్టము చాలదు. తల్లి ఊయల కడను, తండ్రి భోజనపంక్తిలోను దానిని పలుకవలెను. 1819లో నొక విందుపంక్తి తరతరముల నిషేధమును కూల్చెను. గృహము తలచుకొన్నచో ఎంతపని చేయగలదో చూపుటకు అంతకుమించిన సాక్ష్యము వలదు. అయినను నిలువ నేల లేని గృహము ఎన్నాళ్ళు మాటను నిలుపుకొనగలదు? ఈ ప్రశ్నకు వాషింగ్టనులోని శాసనకర్తలు ఇంకను బదులీయవలసియే యున్నారు.