గుంటనక్కలు: వేట ఒంటరిగా, పోషణ ఉమ్మడిగా

దక్కను పీఠభూమి పచ్చిక బయళ్లలో సంచరించే గుంటనక్క శాస్త్రీయ నామం ‘వల్పెస్ బెంగాలెన్సిస్’. సాధారణంగా నక్క అని పిలిచే జంతువు దీనికంటే పెద్దది. అది తోడేలు, కుక్కలు చేరిన వేరొక ప్రజాతికి చెందినది. సన్నని మూతి, నల్లని తోక చివర గుంటనక్కకు గుర్తులు. భారత ఉపఖండం వెలుపల ఇది సహజంగా కనిపించదు.

వేట తీరు

తోడేళ్లు, రేచుకుక్కలు గుంపుగా కదలి తమకంటే పెద్ద జంతువులను సైతం నేలకూలుస్తాయి. గుంటనక్కకు ఆ అవసరం లేదు. ఎలుకలు, మిడతలు, పెంకుపురుగులు, చెదలు, తొండలు, నేలపై గూడు కట్టే పక్షుల గుడ్లు, రేగుపండ్లు దీని ఆహారం. ఇంత చిన్న ఎరను పట్టడానికి తోడు అక్కరలేదు, పట్టిన తరువాత పంచుకోవడానికి మిగిలేదీ ఉండదు. అందువల్ల జంటలోని రెండూ సంధ్యవేళల్లోను, రాత్రుల్లోను సాధారణంగా విడివిడిగానే ఆహారం వెదుక్కుంటాయి.

పిల్లల పోషణ

సహకారం బొరియ వద్ద మొదలవుతుంది. 50 నుంచి 53 రోజుల గర్భధారణ అనంతరం, ఎక్కువగా ఫిబ్రవరి, ఏప్రిల్ నెలల మధ్య, సాధారణంగా 2 నుంచి 4 పిల్లలు పుడతాయి. వాటికి ఆహారం తెచ్చిపెట్టడంలో, బొరియను కాచుకోవడంలో తల్లితోపాటు తండ్రీ పాలుపంచుకుంటుంది. ఒకే బొరియలో ఒకటికి మించి ఆడ గుంటనక్కలు పాలిచ్చిన ఉదంతాలూ నమోదయ్యాయి.

ఎర్రనక్కల్లో ఈ సహకారం మరింత విస్తరించింది. పిల్లలు కనని ఆడనక్కలు తమ గుంపులోని ఇతర నక్కల పిల్లలను సాకడంలో తోడ్పడతాయని బ్రిటన్ శాస్త్రవేత్త డేవిడ్ మెక్‌డొనాల్డ్ 1979లో ‘నేచర్’ పత్రికలో వివరించారు.

రోళ్లపాడు అధ్యయనం

బట్టమేక పిట్ట సంరక్షణకు 1988లో ఏర్పడిన రోళ్లపాడు అభయారణ్యం ప్రస్తుతం నంద్యాల జిల్లాలో ఉంది. అక్కడి గుంటనక్కల సంఖ్య, జీవనంపై రంజిత్ మనకదన్, అసద్ రహమానీ జరిపిన అధ్యయనం 2000లో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో వెలువడింది.

పొంచి ఉన్న ముప్పు

వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 గుంటనక్కకు రక్షణ కల్పించింది. అయినా పచ్చిక బయళ్లను బంజరుగా పరిగణించి దున్నడం వల్ల బొరియలు నశిస్తున్నాయి. ఊరకుక్కల నుంచి రేబిస్, డిస్టెంపర్ వంటి వ్యాధులు సోకే ప్రమాదమూ ఉంది. జంటలో ఒకటి మరణిస్తే పోషణ భారమంతా రెండవదానిపైనే పడుతుంది. వేసవిలో ఒక గుంటనక్కను కోల్పోవడమంటే బొరియలోని పిల్లల మనుగడనూ ప్రమాదంలో పడవేయడమే.