డల్లాస్ ప్రాంతంలో బ్లూబెర్రీ పెంపకం

బ్లూబెర్రీ ఎరికేసి కుటుంబంలో వాక్సీనియమ్ ప్రజాతికి చెందిన పొద. ఉత్తర అమెరికా దీని జన్మస్థలం. పండు రంగులో నేరేడును తలపించినా ఈ రెండింటికీ వృక్షశాస్త్ర రీత్యా దగ్గరి సంబంధం లేదు. తెలుగువారు పెద్ద సంఖ్యలో స్థిరపడిన అమెరికాలోని డల్లాస్ (టెక్సస్) పరిసరాలలో ఈ మొక్కను పెరటి నేలలో నాటితే సాధారణంగా ఎక్కువకాలం బ్రతకదు. ఎండ తీవ్రతే ఇందుకు కారణమని పలువురు భావిస్తారు. కాని అక్కడికి దాదాపు 150 కిలోమీటర్ల తూర్పున, అంతే ఎండ కాసే టైలర్ ప్రాంతపు ఇసుక నేలలలో ఇదే మొక్క ఆరుబయట చక్కగా కాస్తుంది. తేడా అంతా నేలలోనే ఉన్నది.

నేల స్వభావం

బ్లూబెర్రీకి ఉదజని సూచిక (పీహెచ్) సుమారు 4.5 నుండి 5.5 వరకు గల ఆమ్లనేల అవసరం. అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రజ్ఞుడు ఫ్రెడరిక్ కొవిల్ ఈ విషయాన్ని 1910లో ప్రకటించాడు. ఆయన, న్యూజెర్సీకి చెందిన ఎలిజబెత్ వైట్ కలసి చేసిన కృషి వలన 1916లో తోటలో పెంచిన పంట మొదటిసారి అమ్మకానికి వచ్చినది. అంతకు ముందు అడవి పొదల పండ్లనే ఏరుకొనేవారు.

డల్లాస్ నేల సున్నం అధికంగా గల నల్లరేగడి. ఇందులో ఇనుము ఉన్నా, క్షారగుణం వలన మొక్కకు అందదు. ఈనెలు పచ్చగా ఉండి, ఆకు పసుపుబారడం దీని లక్షణం. గంధకం వేసి నేలను ఆమ్లంగా మార్చవచ్చునని చెబుతారు గాని, సున్నపు నేలలో ఆ ఫలితం నిలవదు.

కుండీలో పెంపకం

అందుచేత పెద్ద కుండీలో పీట్ మాస్, పైన్ బెరడు పొట్టు కలిపి నాటడం ఉత్తమం. పీట్ మాస్‌ను ముందుగా బాగా నానబెట్టవలెను. ఎండినది నీటిని త్వరగా పీల్చుకోదు. వేసవిని తట్టుకొనే రాబిట్‌ఐ రకాలు అనుకూలం. వీటికి పరపరాగ సంపర్కం అవసరం కనుక టిఫ్‌బ్లూ, బ్రైట్‌వెల్ వంటి రెండు వేర్వేరు రకాలను దగ్గరగా ఉంచాలి. వేర్లు సన్ననివి, పైపైనే ఉంటాయి; వేసవిలో కుండీ ఒక్కసారి పూర్తిగా ఎండినా మొక్క దెబ్బతింటుంది. మధ్యాహ్నం తరువాత కొంత నీడ మంచిది.

కుళాయి నీటిలోని బైకార్బొనేట్లు మట్టి ఆమ్లత్వాన్ని క్రమంగా తగ్గిస్తాయి. నిలువ చేసిన వాన నీరు శ్రేష్ఠం. ఎరువుగా అమ్మోనియం సల్ఫేటును స్వల్ప మోతాదులో వాడతారు. నైట్రేటు ఎరువులు సరిపడవు. మొక్క మొదట్లో బూడిద, కోడిగుడ్డు పెంకుల పొడి వేయడం మన ఇళ్లలో పాత అలవాటు. ఇతర మొక్కలకు ఎలా ఉన్నా, బ్లూబెర్రీకి ఇవి హానికరం.

కోత

పండు నీలిరంగుకు తిరిగిన వెంటనే కోయరాదు. మరికొన్ని రోజులు కొమ్మకే ఉంచితే తీపి పెరుగుతుంది; కోసిన తరువాత పెరగదు. ఆ కొద్ది రోజులూ పక్షులు తినకుండా వల కప్పవలెను.