యంత్రము చేయు అన్వయము

పద్యమునకు అర్థము చెప్పునపుడు ఉపాధ్యాయుడు మొదట అన్వయము చూపును. ఏ పదము దేనితో చేరునో తెలియనిదే భావము తేలదు. కంప్యూటరుకును ఈ చిక్కే ఉన్నది. 2+3×4 అని వ్రాసినచో గుణకారము ముందు చేసి మనము 14 అందుము. ఎడమనుండి వరుసగా చేసుకొనిపోవు యంత్రమునకు 20 వచ్చును. ప్రోగ్రాములోని గుర్తుల సంబంధమును నిర్ణయించు భాగమునకే పార్సరు అని పేరు.

1957లో ఐ.బి.యం. సంస్థయందు జాన్ బ్యాకస్ బృందము ఫోర్ట్రాన్ భాషను వెలువరించెను. వారి ఉపాయము చిత్రమైనది. కూడిక గుర్తుకు ఇరువైపుల రెండేసి, గుణకారపు గుర్తుకు ఒక్కొక్కటి కుండలీకరణములు చేర్చి, మొదటను చివరను రెండేసి ఉంచిరి. అప్పుడు పై లెక్క ((2))+((3)×(4)) అగును. సరియైన ఫలమే వచ్చును.

1959లో జర్మనీకి చెందిన బావర్, సామెల్సన్ అనువారు వేరొక మార్గము చూపిరి. గుర్తులను కంచముల దొంతివలె పేర్చి, పైదానిని ముందు తీయుదురు. బలము తక్కువైన కూడిక అడుగున వేచియుండగా, దానిపై చేరిన గుణకారము ముందు జరుగును.

1960లో ఆల్గాల్ భాషకు వ్యాకరణ సూత్రములు ఏర్పడెను. ఒక్కొక్క సూత్రమునకు ఒక్కొక్క ఉపప్రోగ్రాము వ్రాయుట సులభమని పలువురు గ్రహించిరి. కాని "మొత్తము అనగా, మొత్తమునకు ఒక పదమును కూడినది" వంటి సూత్రమున్నచో, ఉపప్రోగ్రాము ఒక్క గుర్తైనను చదువక ముందే తన్ను తానే పిలుచుకొనుచు ఎన్నటికిని ముగియదు. సూత్రమును మార్చి వ్రాయవలసినదే.

1965లో డొనాల్డ్ నూత్ ఈ చిక్కును విప్పెను. ఆయన పద్ధతిలో ముందు భాగములను చదివి, అవి ఏ సూత్రమునకు చెందునో పిదప నిర్ణయింతురు. పని ప్రోగ్రాము పొడవునకు అనుపాతముగా మాత్రమే పెరుగును. వ్యాకరణములో ద్వ్యర్థమున్నచో పట్టిక తయారగునప్పుడే బయటపడును. అయితే ఆ పట్టికలు మిక్కిలి పెద్దవి. 1969లో డిరెమర్ వాటిని కుదించెను. తరువాతి దశాబ్దములో బెల్ ప్రయోగశాలలయందు స్టీఫెన్ జాన్సన్ రచించిన యాక్, సూత్రములిచ్చినచో పార్సరును తానే తయారుచేసెడిది.

ఇంతటితో చేతిపని అంతరించెనా? లేదు. జి.సి.సి. అను ప్రసిద్ధ కంపైలరులో యాక్ తరహా పార్సరును తొలగించి, 2004లో సి++ భాషకును, 2006లో సి భాషకును చేతితో వ్రాసిన పార్సరును అమర్చిరి. చేతితో వ్రాసినదానిలో తప్పు ఎచ్చట జరిగినదో విడమరచి చెప్పుట తేలిక.

భాషను కల్పించువానికి వ్యాకరణదోషమును ముందే తెలుపునది పట్టిక. కుండలీకరణము మరచిన విద్యార్థికి దారి చూపుటకు అనువైనది చేతిపని. ఒకటి వచ్చినంతనే రెండవది వ్యర్థమైపోలేదు.