గాలి లేని సాయంత్రం పడవ పందెం: హుస్సేన్‌సాగర్ తెరచాపల కథ



పోయిన నెల సంఘం సమావేశంలో ఒక ఫొటో చేతులు మారింది. ట్యాంక్‌బండ్ మీద నిలబడి తీసింది. నీళ్ళ మీద పది పన్నెండు తెల్లని తెరచాపలు, వెనకాల బుద్ధుడు. "అవి డబ్బున్నోళ్ళ ఆటలు, మనకెందుకు" అని ఒక పెద్దాయన తేల్చేశారు. "ఆ చెరువులో గాలే ఉండదు, ఇంక పందెం ఏముంటుంది" అన్నారు ఇంకొకరు. మొదటి మాట సగం నిజం. రెండో మాట చాలావరకు నిజమే. ఆ రెండో మాట వల్లే మొదటిది సగానికి తగ్గిందని మా వాదన. అందుకే ఈసారి ఈ కథ. కొంచెం పెద్దది, టీ పెట్టుకుని కూర్చోండి.

హుస్సేన్‌సాగర్ ఆట కోసం పుట్టిన చెరువు కాదు. ఇబ్రహీం కుతుబ్‌షా పాలనలో, 1562 ప్రాంతంలో, హుస్సేన్‌షా వలీ కట్టించాడు. అప్పటికి హైదరాబాద్ అనే ఊరే లేదు, ఉన్నది గోల్కొండ. చార్మినార్ లేవడానికి ఇంకా దాదాపు ముప్పై ఏళ్ళు. మూసీలో కలిసే ఒక చిన్న వాగుకు అడ్డంగా కట్ట పోసి నీళ్ళు నిలిపారు. ఆ కట్టే ఇప్పటి ట్యాంక్‌బండ్. 1908 మూసీ వరద తర్వాత ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ వచ్చాయి. అంతకుముందు తాగునీటికి ఊరు ఈ చెరువును కూడా నమ్ముకుంది.

ఇక పందెం సంగతి. తెరచాప పడవ మనకు కొత్త కాదు. సాతవాహన రాజు యజ్ఞశ్రీ శాతకర్ణి నాణేల మీదే రెండు కొయ్యల ఓడ బొమ్మ ఉంది. కానీ మనవాళ్ళకు ఓడ అంటే బతుకుతెరువు. సరుకు మోయాలి, చేపలు పట్టాలి, సాయంత్రానికి ఒడ్డు చేరాలి. పనేమీ లేకుండా, ఎక్కడికీ పోకుండా, బయల్దేరిన చోటికే తిరిగి రావడానికి పడవ ఎక్కడమన్నది రాజుల సరదాగా మొదలైంది. 1660లో ఇంగ్లండు రాజు రెండో చార్లెస్‌కు డచ్చివాళ్ళు ఒక షోకు పడవ బహుమతిగా ఇచ్చారు. యాట్ అనే మాట కూడా డచ్చి నుంచి వచ్చిందే. మరుసటి ఏడు అక్టోబర్ 1న రాజుగారు, తమ్ముడు జేమ్స్ థేమ్స్ నది మీద వంద పౌండ్లకు పందెం కట్టుకున్నారు. గ్రీనిచ్ నుంచి గ్రేవ్‌సెండ్ దాకా, మళ్ళీ వెనక్కి. పోయేటప్పుడు గాలి ఎదురై రాజు ఓడాడు, తిరుగు ప్రయాణంలో గెలిచి పందెం డబ్బు దక్కించుకున్నాడు. ఆ రోజు పడవలో ఉన్న జాన్ ఎవెలిన్ తన డైరీలో రాసుకోబట్టి మనకు ఈ సంగతి తెలిసింది. గమనించండి, మొట్టమొదటి కథలోనే గెలుపోటములు గాలి చేతిలో ఉన్నాయి.

ఆ షోకు దొరలతోపాటు మన దేశం వచ్చింది. బొంబాయిలో 1846లో యాట్ క్లబ్ పెట్టారు, దేశీయులకు చాలాకాలం అందులో సభ్యత్వం లేదు. మద్రాసులో 1911లో పెట్టారు. అది పెట్టిన సర్ ఫ్రాన్సిస్ స్ప్రింగ్ మద్రాసు పోర్ట్ ట్రస్ట్ అధ్యక్షుడు. మన లెక్కల రామానుజన్ గుమాస్తాగా పనిచేసింది ఆయన ఆఫీసులోనే. ఆ కుర్రాడికి కేంబ్రిడ్జి దారి దొరకడానికి సాయపడ్డవాళ్ళలో ఆయనా ఒకరు. ఈ ఒక్క పుణ్యానికి ఆయన యాట్ క్లబ్బును మేం క్షమించేస్తాం.

సికింద్రాబాద్ 1806లో సికందర్ జా పేరు మీద వెలిసిన కంటోన్మెంటు. దొరల సైన్యం, పక్కనే ఇంత పెద్ద చెరువు, సాయంత్రం పరేడ్ అయ్యాక వేరే పనిలేదు. చెరువు ఒడ్డున బోట్స్ క్లబ్ అనే పేరు ఈనాటికీ మిగిలింది. స్వాతంత్ర్యం వచ్చాక దొరలు పోయారు, కంటోన్మెంటు ఉంది. సైన్యంలో యంత్రాలు చూసుకునే ఈఎంఈ విభాగానికి సికింద్రాబాదే పెద్ద శిక్షణ కేంద్రం. వాళ్ళ సెయిలింగ్ సంఘం హుస్సేన్‌సాగర్ మీద ఆటను నిలబెట్టింది. హైదరాబాద్ సెయిలింగ్ వీక్ పేరుతో మూడు దశాబ్దాలు దాటి ఇక్కడ దేశస్థాయి పోటీలు జరుగుతున్నాయి. వర్షాకాలంలో పడమటి గాలి కాస్త నమ్మదగ్గది కాబట్టి ఎక్కువగా జూలై ఆ రోజుల్లో పెడతారు.

"కాస్త" అనే మాట కావాలనే వాడాం. సముద్రం మీద గాలికి అడ్డం ఉండదు. ఈ చెరువు చుట్టూ ఊరుంది, మేడలున్నాయి, ఫ్లైఓవర్లున్నాయి. గాలి వాటికి తగిలి విరిగి, ముక్కలై నీళ్ళ మీద పడుతుంది. ఈ మూల పడవ కదులుతుంటే వంద గజాల అవతల పడవ బొమ్మలా నిలబడి ఉంటుంది. ఐదు నిమిషాల తర్వాత వాటి రాత తిరగబడుతుంది. ఓడలు బళ్ళవడం, బళ్ళు ఓడలవడం ఇక్కడ రోజూ జరిగే పని.

మా ఊరి నుంచి పెళ్ళికి వెళ్ళినప్పుడు, ఒక జూలై సాయంత్రం, కట్ట మీద నిలబడి గంటసేపు చూశాం. మొదటి పావుగంట ఏమీ అర్థం కాలేదు, నిజం చెప్పాలంటే విసుగొచ్చింది. పక్కన నిలబడ్డ ఒక రిటైర్డ్ హవల్దారుగారు విడమరిచి చెప్పాకే కళ్ళు తెరుచుకున్నాయి. ఆయన చెప్పినదాని సారం ఇది.

పోటీ ఒడ్డు నుంచి మొదలవదు. నిర్వాహకుల పడవకూ ఒక తేలే బుడగకూ మధ్య కంటికి కనపడని గీత ఉంటుంది. ఐదు నిమిషాల ముందు ఒక జెండా, నాలుగు నిమిషాలప్పుడు మరొకటి, ఒక నిమిషం ఉందనగా అది దిగుతుంది. పడవకు బ్రేకు లేదు, ఇంజను లేదు. ఆ ఐదు నిమిషాలూ అక్కడక్కడే తచ్చాడుతూ, సరిగ్గా సున్నా అయ్యేసరికి గీత మీదికి రావాలి. ముందే దాటితే వెనక్కి పోయి మళ్ళీ రావాలి. గాలి చచ్చిన రోజు అలా వెనక్కి పోయినవాడి పని దాదాపు అయిపోయినట్టే.

తర్వాత దారి. ఎదురుగాలిలోకి ఏ తెరచాప పడవా నేరుగా పోలేదు. గాలికి ఇటు నలభై ఐదు డిగ్రీలు, అటు నలభై ఐదు డిగ్రీలు, జిగ్‌జాగ్‌గా పోవాలి. మలుపు తిప్పిన ప్రతిసారీ ఉన్న కాస్త వేగమూ పోతుంది. అందుకే గాలి తక్కువైన రోజు తెలివైనవాడు తక్కువ మలుపులు తిప్పుతాడు. పడవలో కొంచెం ముందుకు జరిగి కూర్చుంటాడు, లేకపోతే వెనక భాగం నీళ్ళలో ఈడ్చుకుంటుంది. పడవను కావాలనే గాలి పోయే వైపుకు వాలుస్తాడు, అప్పుడు గుడ్డ తన బరువుకే వేలాడి తెరచాప ఆకారం తెచ్చుకుంటుంది. దగ్గినా తుమ్మినా నెమ్మదిగానే. చూపు మాత్రం దూరాన నీటి మీద ఉంటుంది: ఎక్కడ నీళ్ళు నల్లబడి చిన్న అలలు లేస్తున్నాయో గాలి అక్కడ దిగింది. పెనుగాలిలో కండబలం గెలుస్తుంది, ఇక్కడ చూపు, ఓర్పు గెలుస్తాయి. బరువు తక్కువ ఉండటం కూడా లాభమే.

మాకు అన్నిటికన్నా నచ్చింది తీర్పు పద్ధతి. సాధారణంగా ఈ ఆటలో పక్కనే ఈల పట్టుకుని రిఫరీ ఉండడు. రెండు పడవలు ఎదురైతే కుడి వైపు నుంచి గాలి తగులుతున్న పడవకు దారి హక్కు, ఎడమ వైపు నుంచి తగిలే పడవ తప్పుకోవాలి. తప్పుకోకపోతే తప్పు చేసినవాడే ఒప్పుకుని, అక్కడికక్కడే పడవను రెండు చుట్లు తిప్పాలి. గుర్తు బుడగకు తగిలితే ఒక చుట్టు. ఎవరూ చూడలేదు కదా అని పోవచ్చు, కానీ పోరు. గాలి లేని రోజు రెండు చుట్లంటే పదిమంది దాటిపోతారు. అయినా ఒక పిల్లాడు తిప్పాడు, మేం కళ్ళారా చూశాం.

ఇలా ఆఫీసు అయ్యాక, వారం మధ్యలో, గాలి ఉన్నా లేకున్నా పందెం వేసుకునే అలవాటు అమెరికా తీరాల్లో పెద్ద సంప్రదాయం. శాన్‌ఫ్రాన్సిస్కో బేలో వాటిని బీర్‌క్యాన్ రేసులంటారు, పేరులోనే వాటి గంభీరత తెలిసిపోతుంది. చెసపీక్ బేలో అనాపలిస్ అనే ఊరికి బుధవారం సాయంత్రం రేసులే గుర్తింపు. పెద్ద కప్పులుండవు. చీకటిపడేలోగా గమ్యం చేరకపోతే నవ్వుకుని ఇంటికి పోతారు. కానీ పెద్ద పోటీలకు పోయేవాళ్ళు చేయి తిప్పుకోవడం నేర్చేది ఇలాంటి చోటే.

ఇప్పుడు "డబ్బున్నోళ్ళ ఆట" దగ్గరికి వద్దాం. 1947లో ఫ్లోరిడాలో క్లార్క్ మిల్స్ అనే పడవల మేస్త్రి ప్లైవుడ్ పలకలతో పిల్లలకోసం ఒక చిన్న పడవ చేశాడు. ఏడున్నర అడుగుల పొడవు, ముక్కు లేని మొండి ముఖం, చూడటానికి స్నానాల తొట్టిలా ఉంటుంది. పేరు ఆప్టిమిస్ట్. మామూలు ఇంటి పిల్లలు కూడా ఇంట్లో చేసుకోగలిగేంత చవకగా ఉండాలన్నదే అసలు ఉద్దేశం. ఇప్పుడు ప్రపంచమంతా పదిహేనేళ్ళలోపు పిల్లలు దీని మీదే నేర్చుకుంటారు. తర్వాతి మెట్టు లేజర్, కెనడా ఆయన బ్రూస్ కిర్బీ గీసింది. ఒక్కరే నడిపే పడవ, అందరికీ ఒకే నమూనా. పడవ ఒకటే అయినప్పుడు డబ్బుతో కొనగలిగేది తక్కువ.

2009లో సుహీమ్ షేక్ యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ పెట్టారు. ఆయన సర్కారు బడుల పిల్లల్ని, చుట్టుపక్కల బస్తీల పిల్లల్ని తీసుకొచ్చి ఆప్టిమిస్టుల్లో కూర్చోబెట్టారు. చాలామందికి ఈత కూడా ముందు అక్కడే నేర్పాల్సి వచ్చింది. ఆ పిల్లలు జాతీయ పోటీల్లో పతకాలు తెచ్చారు. ఇందులో దయాధర్మం ఎంతో, చెరువు చలవ కూడా అంతే అని మా లెక్క. సన్నగాలి చెరువు సన్నపిల్లల చెరువు. బలమైన తిండి తిన్న పెద్ద ఒడ్డూపొడుగూ అక్కడ అక్కరకు రాదు.

అన్నీ తీపి కబుర్లే చెప్పం. ఏళ్ళ తరబడి ఊరి మురుగు నాలాల ద్వారా ఆ చెరువులోకే చేరింది. ఎండాకాలం ఆ వాసన ట్యాంక్‌బండ్ మీద కారు అద్దాలు ఎత్తుకుని పోయేవాళ్ళకే తెలుసు, మరి నీళ్ళకు జానెడు ఎత్తున కూర్చునే పిల్లల సంగతి వేరే చెప్పాలా. ప్రశాంతంగా కనిపించినా ఆ నీళ్ళు ప్రమాదం లేనివీ కావు. 1990 మార్చిలో బుద్ధ విగ్రహాన్ని తీసుకెళ్తున్న బార్జి ఒరిగి ఎనిమిదిమంది పోయారు, విగ్రహం రెండేళ్ళకుపైగా నీళ్ళ అడుగునే ఉండి 1992 డిసెంబర్‌లో నిలబడింది. అందుకే లైఫ్‌జాకెట్ లేనిదే పిల్లల్ని నీళ్ళ మీదికి పంపరు.

మన చాందాకు పడవతో ఏం సంబంధం అంటారా? ఉంది. సిరొంచ ఒకప్పుడు అప్పర్ గోదావరి జిల్లాకు ముఖ్యపట్టణం. ధవళేశ్వరం కట్టిన కాటన్ దొర గోదావరి, ప్రాణహిత మీదుగా మన వైపు దాకా పడవలు నడిపించి, ఇక్కడి పత్తిని సముద్రానికి చేర్చాలని కలగన్నాడు. దుమ్ముగూడెం, ఇంచంపల్లి, దేవలమర్రి దగ్గర రాళ్ళ అడ్డంకులు దాటించడానికి పని మొదలుపెట్టారు. ఖర్చు పెరిగింది, 1871లో ఆపేశారు. తర్వాత రైలు వచ్చింది, పడవ ఊసు పోయింది. సిరొంచ మీద విడిగా రాయాలి, ఇక్కడికి చాలు.

ఇప్పుడు మన ముందు రెండు నీళ్ళున్నాయి. ఊరి మధ్యలో గోండు రాజుల కాలపు రామాళ చెరువు. దాన్ని గుర్రపుడెక్క కమ్మేసి, మురుగు చేరుతుంటే, కాపాడాలని 2021లో ఎకో-ప్రో బండూ ధోత్రే నిరాహార దీక్షకు కూర్చోవాల్సి వచ్చింది. ఊరి బయట థర్మల్ స్టేషన్‌కు నీళ్ళిచ్చే ఇరై డ్యాం. (తాడోబా చెరువు పేరు ఎవరూ ఎత్తకండి, అందులో మొసళ్ళున్నాయి.) సముద్రం లేని ఊళ్ళో ఈ ఆట ఎలా అనేవాళ్ళకు భోపాల్ చూపిస్తాం. అక్కడ ఉన్నదీ చెరువే, భోజరాజు పేరు చెప్పుకునే బడా తలాబ్. దాని మీద మధ్యప్రదేశ్ ప్రభుత్వం సెయిలింగ్ బడి నడుపుతోంది. దేవాస్ జిల్లా రైతుబిడ్డ నేహా ఠాకూర్ ఆ బడిలో నేర్చుకుని, 2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో, లేజర్ కుటుంబంలోనే చిన్న తెరచాప ఉండే ఐఎల్‌సీఏ-4 తరగతిలో, వెండి పతకం తెచ్చింది. అప్పటికి ఆమెకు పదిహేడేళ్ళు. దేవాస్‌కూ సముద్రం దూరమే, మన చంద్రపూర్‌కూ దూరమే.

రామాళ నీళ్ళు బాగుపడాలని మన సంఘం తరఫున మహానగరపాలికకు ఇవ్వాల్సిన వినతిపత్రం మరాఠీలో తయారవుతోంది. సంతకాలకు వచ్చేవాళ్ళు ఆదివారం ఉదయం రండి. జూలైలో హైదరాబాద్ వెళ్ళేవాళ్ళు బల్లార్షాలో రైలెక్కి సికింద్రాబాద్‌లో దిగాక, చుట్టాలింటికి పోయేముందు ఒక గంట సంజీవయ్య పార్కు వైపు ఆగండి. పిల్లల్ని తీసుకెళ్ళండి. గాలి లేకపోతే వెనక్కి రాకండి, ఇంకొంచెం సేపు నిలబడి, నీళ్ళు ఎక్కడ నల్లబడుతున్నాయో వాళ్ళను చూసి చెప్పమనండి.